రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు పన్ను తీయించుకోవడం

మూత్రపిండం లేదా కాలేయం మార్పిడి చేయించుకున్నవారు, కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్, పేగుపూత వంటి దీర్ఘవ్యాధులతో ఉన్నవారు, క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారు శరీరపు రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గించే మందులు వాడుతుంటారు. వీరికి పన్ను తీయాల్సి వచ్చినప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. పుండు సకాలంలో మానుతుందా, ఇన్ఫెక్షన్ పాకకుండా ఉంటుందా, పళ్ల డాక్టరు రాసే మందు అంతకుముందు నుంచి వాడుతున్న మందుతో పడుతుందా అన్నవి ఆ మూడు. ముందే ఏర్పాటు చేసుకుంటే వీరిలో ఎక్కువమందికి పన్ను తీసిన గుంట అందరిలాగే మానుతుంది. అసలు ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది: చీము పట్టిన పన్నును భయంతో అలాగే ఉంచుకోవడం, పన్ను పీకించుకోవాలి కదా అని వాడుతున్న మందును ఎవరికీ చెప్పకుండా ఆపేయడం.

చరిత్ర

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి అచ్చుగుద్దినట్టున్న కవల సోదరుల మధ్య జరిగింది. ఇద్దరి కణజాలం ఒకటే కావడంతో మందుల అవసరం రాలేదు. కవలలు కాని వారికి కూడా అవయవం నిలబడాలంటే రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే మందు కావాలి. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించిన అజాథయోప్రిన్ 1960ల తొలినాళ్లలో ఆ దారి తెరిచింది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి దక్కింది. స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ సంస్థ ఒక శిలీంధ్రం నుంచి తీసిన సైక్లోస్పోరిన్‌కు 1983లో అమెరికాలో అనుమతి లభించింది. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో టాక్రోలిమస్ వచ్చింది.

ఈ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం తెలుగువారిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుల తయారీ సాగింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు వాడి, ఫలితాలను 1948లో ప్రచురించారు. సుబ్బారావు ఆ ఏడాదే మరణించారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌కు 1988లో అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది. ఇవాళ వారానికి ఒకసారి ఈ మాత్ర వేసుకునే కీళ్లవాత రోగి లేని ఊరు అరుదు. 

భారతదేశంలో బతికున్న దాత నుంచి మూత్రపిండ మార్పిడి విజయవంతంగా జరిగిన తొలి చోటు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల. అది 1971. అవయవాల అమ్మకాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. మార్పిడులు పెరిగిన కొద్దీ, ఇరవై ముప్పై ఏళ్లపాటు ఈ మందులతోనే బతికేవారు మామూలు పళ్ల క్లినిక్కులకూ రావడం మొదలైంది.

పన్ను గుంట మానే తీరు

పన్ను ఊడి వచ్చిన నిమిషాల్లోనే గుంట రక్తంతో నిండి గడ్డ కడుతుంది. మొదటి రోజు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి క్రిముల పని పడతాయి. ఆ వెంటనే వచ్చే మాక్రోఫేజ్‌లు చెత్తను తొలగించి, కొత్త కణజాలం పుట్టుకకు సంకేతాలిస్తాయి. వారం తిరిగేసరికి గడ్డ స్థానంలో మెత్తటి ఎర్రటి కణజాలం కనిపిస్తుంది. మూడు నాలుగు వారాల్లో పైన చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఈ వరుసలో ఒక్కో మెట్టును ఒక్కో రీతిలో నెమ్మదింపజేస్తాయి. స్టెరాయిడ్లు తెల్లకణాల రాకను, పీచు కణజాలం ఏర్పడటాన్ని తగ్గిస్తాయి. అజాథయోప్రిన్, మైకోఫెనొలేట్, మెథోట్రెక్సేట్ ఎముక మజ్జను అణచి కణాల సంఖ్యనే తగ్గించగలవు. సిరోలిమస్, ఎవరోలిమస్ పుండు మానడాన్ని నేరుగా ఆలస్యం చేస్తాయి, నోటిపూతనూ తెస్తాయి. అంతకన్నా జాగ్రత్తపడాల్సిన సంగతి మరొకటుంది. వాపు, ఎరుపు, జ్వరం అనేవి ఇన్ఫెక్షన్‌ను పట్టించే గుర్తులు. ఈ మందులు ఆ గుర్తులనే చెరిపేస్తాయి. లోపల చీము పెరుగుతున్నా బయట కొద్దిపాటి నొప్పి తప్ప ఏమీ కనపడకపోవచ్చు.

మందుల తరగతులు, వాటి మెలకువలు

స్టెరాయిడ్లు: ప్రెడ్నిసొలోన్, డెఫ్లాజకార్ట్ వంటివి. రోజుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్ నాలుగు వారాలు దాటి వాడినవారిలో అడ్రినల్ గ్రంథి సొంతంగా హార్మోను తయారుచేయడం తగ్గవచ్చు. అలాంటివారు మందు హఠాత్తుగా మానేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం, వాంతులు, స్పృహ తప్పడం జరగవచ్చు. పన్ను చోట మాత్రమే మత్తు ఇచ్చి ఒక పన్ను తీయించుకునేవారికి ఆ రోజు మోతాదు ఎప్పటిలా వేసుకోవడం సాధారణంగా సరిపోతుంది. పూర్తి మత్తులో జరిగే పెద్ద శస్త్రచికిత్స అయితే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ అవసరం కావచ్చు. దాన్ని నిర్ణయించాల్సింది ఆ రోగిని చూసే ఫిజీషియన్.

మెథోట్రెక్సేట్: కీళ్లవాతానికి వారానికి ఒకసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పన్ను తీయించుకోవడానికి సాధారణంగా దీన్ని ఆపనక్కర్లేదు. అయితే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే మజ్జ దెబ్బతింటుంది. సెప్ట్రాన్ పేరుతో ఇది ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది కాబట్టి మరింత జాగ్రత్త.

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్: మార్పిడి రోగులకు ఇవి ప్రాణాధారం. వీటి స్థాయి రక్తంలో ఒక గీతకు అటూ ఇటూ కాకుండా ఉండాలి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, ఫ్లూకోనజోల్ వంటి ఫంగస్ మందులు ఆ స్థాయిని పెంచి మూత్రపిండాన్ని దెబ్బతీస్తాయి. రిఫాంపిసిన్ స్థాయిని తగ్గించి, అవయవాన్ని శరీరం తిప్పికొట్టే పరిస్థితి తెస్తుంది. పంపరపనస పండు కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచగలదు. సైక్లోస్పోరిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పేస్తాయి. రక్తపోటుకు నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ కూడా వాడుతుంటే ఇది ఎక్కువవుతుంది.

జీవజన్య ఇంజక్షన్లు: అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, రిటుక్సిమాబ్ వంటివి. ఒక్క పన్ను తీయడానికి వీటిని ఆపాల్సిన అవసరం చాలాసార్లు రాదు. అయితే రెండు మోతాదుల నడుమ వ్యవధి ఉంటుంది కాబట్టి, తొందరలేని పనిని తర్వాతి మోతాదుకు ముందు రోజులకు సర్దుబాటు చేయడం మేలు. టోసిలిజుమాబ్ వాడేవారిలో జ్వరంతో పాటు, రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్‌ను సూచించే సీఆర్‌పీ కూడా పెరగకపోవచ్చు. రిపోర్టు బాగుందని ఇన్ఫెక్షన్ లేదనుకోకూడదు.

క్యాన్సర్ మందులు: కీమోథెరపీ తర్వాత సాధారణంగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల నడుమ తెల్లకణాలు అడుగంటుతాయి. న్యూట్రోఫిల్స్ ఘన మిల్లీమీటరుకు 1,000 కంటే తక్కువ ఉన్నా, ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువ ఉన్నా, అత్యవసరమైతే తప్ప పన్ను జోలికి వెళ్లరు. వెళ్లక తప్పకపోతే ఆసుపత్రిలోనే చేస్తారు. అందుకే కీమో మొదలయ్యేందుకు కనీసం పది రోజుల ముందే పాడైన పళ్లు తీయించుకొమ్మంటారు.

ముందుగా చేసుకోవాల్సినవి

అవయవ మార్పిడి జరిగిన తొలి మూడు నుంచి ఆరు నెలలు మందుల మోతాదు ఎక్కువగా ఉంటుంది. ఆ కాలంలో అత్యవసరం కాని పళ్ల పనులు వాయిదా వేస్తారు. ఆ తర్వాత, శరీరం నిలకడకు వచ్చాక తీయించుకోవడం మేలు. చీము, జ్వరం, దవడ వాపు ఉంటే మాత్రం గడువు లెక్క పనికిరాదు. ఆ పన్నుకు వెంటనే వైద్యం జరగాలి.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల పూర్తి జాబితా, ఇటీవలి రక్తపరీక్షలు వెంట ఉండాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, చక్కెర అందులో ముఖ్యమైనవి. స్టెరాయిడ్, టాక్రోలిమస్ రెండూ చక్కెరను పెంచేవే. మన మందుల షాపుల్లో స్ట్రిప్ కత్తిరించి పది మాత్రల్లో నాలుగు ఇచ్చేటప్పుడు, పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవడం మామూలే. చేతిలో మిగిలిన వెండిరంగు ముక్క మీద ఒకటి రెండు అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. "తెల్లగా చిన్నదిగా ఉంటుంది సార్, పొద్దున్నే ఒకటి" అన్న వర్ణనతో ప్రెడ్నిసొలోన్‌నూ అజాథయోప్రిన్‌నూ వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. పేరున్న ముక్కను అడిగి తీసుకోవాలి. లేకపోతే చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. వైసోలోన్ అంటే ప్రెడ్నిసొలోన్ అనీ, ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్ అనీ, ఇమ్యురాన్ అంటే అజాథయోప్రిన్ అనీ, పాన్‌గ్రాఫ్ అంటే టాక్రోలిమస్ అనీ డాక్టరు పోల్చుకోగలరు.

పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి, గతంలో గుండె లోపొరకు ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) వచ్చినవారికి ఒక మోతాదు ముందుగా ఇవ్వడం అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఖరారు చేసి 2021లోనూ కొనసాగించిన పద్ధతి. పెద్దలకు 2 గ్రాముల అమాక్సిసిలిన్, పనికి అరగంట నుంచి గంట ముందు ఇస్తారు. మార్పిడి రోగులకు, తెల్లకణాలు బాగా తగ్గినవారికి ఇవ్వాలో వద్దో వారి నిపుణుడితో మాట్లాడి నిర్ణయిస్తారు. ఆస్పిరిన్ వంటి రక్తం పలచన చేసే మందును కూడా సొంతంగా ఆపకూడదు.

పన్ను తీసే రోజు

ఉదయం పూట పెట్టుకోవడం మంచిది. టిఫిన్ తిని, మందులు వేసుకుని వెళ్లాలి. రక్తపోటు, చక్కెర చూశాక క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో నోరు పుక్కిలింపజేస్తారు. లిగ్నొకేన్ మత్తు ఇంజక్షన్ చేసి, చిగురును పన్ను చుట్టూ విడదీసి, ఎలివేటర్ అనే పనిముట్టుతో వదులు చేసి, పట్టకారుతో తీస్తారు. ఇలాంటి రోగుల్లో డాక్టరు నైపుణ్యమంతా ఎముకను, చిగురును ఎంత తక్కువగా నలిపారన్న దానిలో ఉంటుంది. ఒక్కసారి నాలుగైదు పళ్లు తీయకుండా ఒక పక్క మానాక మరో పక్కకు వెళ్తారు. వేరు చివర ఉన్న చీము కణజాలాన్ని గోకి తీసి, గుంట అంచులను వేళ్లతో నొక్కి, అవసరమైతే జెలటిన్ స్పాంజి పెట్టి కుట్టు వేస్తారు. ఆ పైన మడిచిన గాజ్ గుడ్డను అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కరిచి ఉంచాలి. మధ్యమధ్యలో తీసి రక్తం ఆగిందా అని చూసుకుంటే గడ్డ కదిలిపోతుంది.

ఇంటికి వచ్చాక

మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. చల్లారిన జావ, పెరుగన్నం, ఇడ్లీ తినవచ్చు. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించాలి. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చీము ఉన్నప్పుడు అది వాపును ఇంకా పెంచవచ్చు. తొలిరోజు బయటి నుంచి చల్లటి గుడ్డ చాలు. పొగ, గుట్కా, ఆకువక్క, పొగాకు పుండు మానేదాకా పూర్తిగా మానాలి. బ్రష్ మానకూడదు. మిగతా పళ్లను మెత్తగా తోముతూనే ఉండాలి.

నొప్పికి పారాసిటమాల్ అన్నిటిలోకీ సురక్షితమైనది. కాలేయం దెబ్బతిన్నవారు మోతాదు అడిగి వేసుకోవాలి. ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్, ఎసిక్లొఫెనాక్ మార్పిడి చేసిన మూత్రపిండానికి చెడుపు, మెథోట్రెక్సేట్‌తోనూ చిక్కే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్, జీరోడాల్ పిలో ఎసిక్లొఫెనాక్ ఉంటాయి. పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి అవి పారాసిటమాల్ మాత్రలే అనుకుని వాడేవారు చాలామంది.

రెండో రోజు ఫోన్‌లోనైనా డాక్టరుతో మాట్లాడి, వారానికి కుట్లు తీయించుకుని, రెండు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. మామూలు రోగిని ఇన్నిసార్లు పిలవరు. వీరిని పిలవాలి, ఎందుకంటే వాపూ జ్వరమూ చెప్పని సంగతి కంటితో చూస్తేనే బయటపడుతుంది.

ఎముక బయటపడటం

దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడేవారికి ఎముకలు గుల్లబారకుండా అలెండ్రొనేట్ మాత్రలు, జొలెండ్రొనేట్ లేదా డెనొసుమాబ్ ఇంజక్షన్లు ఇస్తారు. వీటిలో ఏదైనా వాడుతున్నవారికి పన్ను తీసినచోట దవడ ఎముక బయటపడి నెలల తరబడి మానకపోవడం అరుదుగా జరుగుతుంది. ఈ సమస్యను 2003లో రాబర్ట్ మార్క్స్ అమెరికాలో మొదట వెలుగులోకి తెచ్చారు. ఎనిమిది వారాలు దాటినా ఎముక కనిపిస్తుంటే ఈ జబ్బుగా పరిగణిస్తారు. ఎముకల గుల్లతనానికి తక్కువ మోతాదులో వాడేవారిలో ముప్పు చాలా స్వల్పం. క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదులో వాడేవారిలో అది చాలా రెట్లు ఎక్కువ. డెనొసుమాబ్ మోతాదు ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని కూడా అడగకుండా వాయిదా వేయరాదు.

2021 నేర్పిన పాఠం

కోవిడ్ రెండో ఉధృతిలో స్టెరాయిడ్లు, అదుపు తప్పిన చక్కెర కలిసి దేశంలో 40,000 మందికి పైగా మ్యూకర్‌మైకోసిస్ తెచ్చిపెట్టాయి. జనం దాన్ని బ్లాక్ ఫంగస్ అన్నారు. 2021 మే నెలలో తెలంగాణ, తమిళనాడు సహా పలు రాష్ట్రాలు దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. వారిలో కొందరు మొదట వెళ్లింది పళ్ల డాక్టరు దగ్గరికే. పై దవడ పళ్లు కారణం లేకుండా కదలడం, చెంప మొద్దుబారడం, అంగిట్లో నల్లటి మచ్చ, పన్ను తీసిన గుంట మానకపోవడం దాని తొలి గుర్తులు. స్టెరాయిడ్ వాడే మధుమేహ రోగిలో ఇవి కనిపిస్తే పన్ను పీకి పంపడం సరిపోదు. ఆ రోజే స్కాన్, కణజాల పరీక్ష జరగాలి.

మత్తిగిరి–హోసూరు ప్రాంతంలో

ఈ జాగ్రత్తలు ఒక ప్రాంతంలో ఎలా వర్తిస్తాయో చూడటానికి మత్తిగిరిని తీసుకుందాం. అది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరు నగరపాలక పరిధిలో ఉంది. ఇక్కడి చాలా కుటుంబాలు ఇంట్లో తెలుగు, కార్యాలయంలో తమిళం, పని మీద బెంగళూరు వెళ్తే కన్నడం మాట్లాడతాయి. పెద్ద జబ్బుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకో, కృష్ణగిరి మీదుగా వెల్లూరుకో వెళ్తారు. పన్ను నొప్పికి మాత్రం పక్కవీధి క్లినిక్కే. దాంతో మార్పిడి ఫైలు ఒక రాష్ట్రంలో, పన్ను తీసే చేయి మరో రాష్ట్రంలో ఉండటం ఇక్కడ మామూలు. పెద్దాసుపత్రి డిశ్చార్జి చీటీ మొదటి పేజీ, అక్కడి మార్పిడి కోఆర్డినేటర్ ఫోను నంబరు ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటే, హోసూరు డాక్టరు ఒక్క ఫోనుతో అవసరమైన సంగతి తెలుసుకోగలరు.

ఇంటి వద్దకే మందులు చేర్చే తమిళనాడు ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. రక్తపోటు, మధుమేహం మందులతో పాటు ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునేవారికి సంచులు కూడా ఇందులో అందుతాయి. మార్పిడి కోసం ఎదురుచూసే ఇలాంటి రోగులే పళ్లను ముందుగా బాగుచేయించుకోవాల్సినవారు. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమయ్యాక, తీవ్రమైన దవడ వాపుకు జిల్లాలోనే చేర్చుకునే వీలు పెరిగింది.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. హొగెనకల్ తాగునీటి పథకం చేపట్టింది అందుకే. పసుపు, గోధుమ మరకల పళ్లు ఇక్కడ సాధారణం. మరక ఉన్నంత మాత్రాన ఆ పన్ను పిప్పి పన్ను కాదు, దాన్ని తీయాల్సిన పనీ లేదు. రోగనిరోధక శక్తి తక్కువైనవారికి అక్కర్లేని పన్ను తీయించుకోవడం అక్కర్లేని పుండు తెచ్చుకోవడమే. సంతల్లో, బస్టాండు పక్కన కూర్చుని పళ్లు పీకేవారి దగ్గరికి వీరు అసలు వెళ్లకూడదు. సరిగా శుద్ధి చేయని పనిముట్ల వల్ల కాలేయవాపు వైరస్‌లు సోకవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

నాలుక కింద గట్టిగా వాచి నాలుక పైకి లేవడం, మింగలేకపోవడం, గొంతు మారడం, నోరు తెరుచుకోకపోవడం లుడ్విగ్స్ ఆంజైనా అనే ప్రాణాంతక స్థితికి గుర్తులు. దీన్ని 1836లో జర్మన్ వైద్యుడు ఫ్రెడ్రిక్ ఫాన్ లుడ్విగ్ వర్ణించారు. గాలిగొట్టం మూసుకుపోవడానికి గంటలు చాలు. గాజ్ గుడ్డ కరిచినా గంటకు పైగా ఆగని రక్తం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, విడవని వాంతులు, కళ్లు తిరగడం, మూడు రోజుల తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరగడం కూడా ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలే. వెళ్లిన చోట మొదట చెప్పాల్సింది పన్ను సంగతి కాదు, వాడుతున్న మందు పేరు.

ముందస్తు నివారణ

మార్పిడి కేంద్రాలు శస్త్రచికిత్సకు ముందు పళ్ల డాక్టరు ధ్రువపత్రం అడగడం పరిపాటి. కీళ్లవాతం, పేగుపూతల చికిత్సలో ఈ ఆనవాయితీ ఇంకా బలపడలేదు. మెథోట్రెక్సేట్ గానీ జీవజన్య ఇంజక్షన్ గానీ జొలెండ్రొనేట్ గానీ మొదలుపెట్టడానికి ముందే నోటి ఎక్స్‌రే తీయించుకుని, నిలవని పళ్లు తీయించుకుని, నిలిచేవాటికి సిమెంటు పెట్టించుకోవడం మేలు. మందు మొదలయ్యాక ఆరు నెలలకోసారి పళ్ల పరీక్ష చేయించుకుంటే చాలా పళ్లను తీయాల్సిన పనే రాదు.